ఎనిమిది రాళ్ళు, ఏడు కిలోమీటర్లు

కారు కొన్న నలభై రోజులకి కొలతలాయనకి ఆ ఊళ్ళో నమ్మదగిన మనిషంటూ ఒక్కరూ మిగల్లేదు.

మొదటి పది రోజులూ కారు అమ్మిన పళ్ళ డాక్టరు మీద పడ్డాడు. తర్వాత పది రోజులూ, బండిలో లోపమేమీ లేదన్న మెకానిక్కు మీద. మధ్యలో ఒక రెండు రోజులు పక్కింటివాళ్ళ మీద కూడా పడ్డాడు గానీ, ట్యాంకు మూత తాళం విప్పి పెట్రోలు లాగేంత చురుకుదనం ఆ ఇంట్లో ఎవరికీ లేదని తేల్చుకుని వదిలేశాడు. ఇక మిగిలింది పెట్రోలు బంకు.

అనుమానం ఆయనకి జబ్బు కాదు, వృత్తి. తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఆయన సంచీ పట్టుకుని వీధిలోకి వస్తే కూరల కొట్టువాళ్ళు త్రాసు కింద చెయ్యి పెట్టి ఓసారి తడుముకుంటారు. అందరూ కొలతలాయన అనే అంటారు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు.

మంగళవారం పొద్దున్నే బంకులో బండి ఆపి, ఇంజను కట్టేసి, చొక్కా జేబులోంచి పొట్టి నోటుబుక్కు తీసి బండి మీటరులో అంకె రాసుకున్నాడు. పోయినసారి ట్యాంకు నింపినప్పటి నుంచి రెండువందల ఎనభై కిలోమీటర్లు. బండి చిన్న క్రాసోవరు, ఆరేళ్ళ పాతది. భార్యకి మోకాళ్ళు అరిగాయి, వంగి దూరాల్సిన పని లేకుండా కాస్త ఎత్తుగా ఉంటుందని, ధర తన పింఛనుకి అందిందని, అన్నిటికన్నా ముఖ్యంగా లీటరుకి పదహారు కిలోమీటర్లు ఇస్తుందని డాక్టరు ఒట్టేసి చెప్పాడని కొన్నాడు. ఆ పదహారు ఆయన బుర్రలో ముద్ర కొట్టినట్టు ఉండిపోయింది.

"సున్నా చూసుకోండి సార్!"

పంపు దగ్గర నిలబడేది ఒకావిడ, ముప్పై అయిదు దాటి ఉంటాయి. నాజిల్ పట్టుకునే ముందు ఈ మాట ఎంత గట్టిగా అంటుందంటే రోడ్డు అవతల మందుల షాపులో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడుతుంది. అందుకని బంకులో అందరూ ఆమెని సున్నా అనే పిలుస్తారు. పలికి ఊరుకోదు, కొన్నవాడు "చూశాను" అనేదాకా మీట నొక్కదు. తొందర్లో ఉన్నవాళ్ళు విసుక్కుంటారు, ఆమె పట్టించుకోదు.

అంత గట్టిగా అరిచేవాళ్ళని చూస్తేనే కొలతలాయనకి అనుమానం. నిజం చెప్పేవాడికి గొంతు పెంచాల్సిన అవసరం ఏముంది? ఆయన పంపు మీద అంకెల వైపు చూస్తున్నట్టు నటిస్తూ ఆమె ఎడమ చేతి వైపు చూశాడు. వెళ్ళింది. ప్రతిసారీ వెళ్ళినట్టే నాజిల్ పట్టుకునే ముందు ఎడమ చెయ్యి యూనిఫారం జేబులోకి వెళ్ళింది, ఒక్క క్షణం ఆగింది, బయటికొచ్చింది. జేబులో గుండ్రంగా, బిళ్ళలా ఏదో ఉబ్బెత్తుగా ఉంది.

ట్యాంకు నిండింది. ఇరవై లీటర్లు. నోటుబుక్కులో భాగహారం చేశాడు. పద్నాలుగు. వరసగా నాలుగోసారి, తూచినట్టు పద్నాలుగు!

ఆయన పళ్ళు నూరుకున్నాడు. బండికి జబ్బు చేస్తే ఓసారి పదిహేనిస్తుంది, ఓసారి పన్నెండిస్తుంది. ప్రతిసారీ అదే అంకె వస్తోందంటే జబ్బు కాదది. ఎవరో కొలత పెట్టి మరీ కోసుకుంటున్నారు. పదహారులో రెండు, అంటే లీటరుకి ఎనిమిదో వంతు.

"అమ్మాయ్, అయిదు లీటర్ల కొలపాత్ర పట్రా."

సున్నా మారు మాట్లాడకుండా వెళ్ళి ముద్రలున్న పాత్ర తెచ్చింది. లోపల తడిపి, వంచి కార్చి, చదునైన చోట పెట్టి, అయిదు లీటర్లు పట్టింది. ఆయన మోకాలి మీద కూర్చుని గీతకి కన్ను ఆనించాడు. వెంట్రుకవాసి తేడా లేదు.

"సరిపోయిందా సార్?" అంది ఆమె.

"పాత్ర చూస్తే ప్రతి పంపూ బుద్ధిగానే ఉంటుందమ్మా," అన్నాడు కొలతలాయన లేస్తూ. "పాత్ర లేనప్పుడే దాని సంగతి."

ఆమెకి అర్థం కాలేదు. అర్థం కానట్టు ముఖం పెట్టడం కూడా ఆయన ఎన్నోసార్లు చూశాడు. జేబులో ఏముందని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. కానీ అడిగితే దొంగ జాగ్రత్త పడుతుంది. అడక్కుండా రాయడం ఆయన పద్ధతి. మేనేజరు గదిలోకి వెళ్ళి ఫిర్యాదుల పుస్తకం అడిగి, కుర్చీ లాక్కుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు: పరీక్ష పాత్ర వాడినప్పుడు సరిగాను, వాడనప్పుడు ఎనిమిదో వంతు తక్కువగాను పోస్తున్నారు, నాజిల్ పట్టుకునే మనిషి ఎడమ జేబులో గుండ్రటి సాధనం ఒకటి ఉన్నది, విచారించవలెను.

మేనేజరు చదువుతుంటే చెమట పట్టింది. "సార్, ఆవిడ అలాంటిది కాదండీ. రెండేళ్ళు వాషింగు దగ్గర బళ్ళు కడిగి కడిగి ఇప్పుడిప్పుడే పంపు దగ్గరికొచ్చింది..."

"అలాంటి మనిషి అని ఎవరి ముఖాన రాసుందయ్యా?" అని, అక్కణ్ణించే ఫోన్ తీసి తన సీట్లో ఇప్పుడున్న ఇన్‌స్పెక్టరుకి చేశాడు. ఆ కుర్రాడు ఒకప్పుడు ఆయన కింద పని నేర్చుకున్నవాడు, ఇప్పటికీ ఫోన్లో ఆయన గొంతు వింటే లేచి నిలబడతాడు. శనివారం పదకొండింటికి వస్తానన్నాడు.

బంకు దాటి రోడ్డెక్కుతుంటే కొలతలాయనకి చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరాడింది.

ఇంట్లో ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరి ప్యాంటుకో అంచు మడుస్తోంది. ఆవిడ బట్టలు కుడుతుంది. మెడలో ఎప్పుడూ టేపు వేళ్ళాడుతూ ఉంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలని కూడా భుజాల దగ్గర నుంచి కిందికి చూసి ఎన్ని మీటర్లో అంచనా వేసుకుంటుంది. ఆయన కథంతా చెప్పాడు, జేబుతో సహా.

"మీరు చూశారా ఏమిటి, జేబులో?"

"చూడనక్కర్లేదు. లెక్క చెప్తోంది."

ఆవిడ దారం పంటితో కొరికింది. "ఏమండీ, ఒకటి చెప్తాను, ఎగతాళి చెయ్యకండి. ఆ బండి పెరిగింది."

"ఏమిటీ?"

"మొదటిసారి డాక్టరు గారింటి ముందు చూసినప్పుడు నేను మామూలుగా ఎక్కి కూర్చున్నాను. వారం తర్వాత మీరు ఇంటికి తెచ్చిన రోజు నుంచీ నాకు పీట కావాల్సొస్తోంది. రెండు వేళ్ళ ఎత్తు పెరిగింది."

"పెరగడానికి అదేమన్నా బడికెళ్ళే పిల్లాడా? నీ మోకాళ్ళు అరిగాయోయ్."

"మోకాళ్ళు వారంలో రెండు వేళ్ళు అరగవు. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు సర్రుమని గీసుకునే చప్పుడు కూడా అప్పుడు లేదు."

"అది మడ్‌గార్డు రబ్బరు."

"మంచిది, రబ్బరే," అని ఆవిడ మిషను తొక్కింది. కాస్సేపటికి మళ్ళీ ఆపింది. "నా టేపు సాగిపోతుందని ఏటేటా మీ స్టీలు బద్ద మీద పెట్టి చూసుకుంటాను కదా. పోయినేడు అర అంగుళం సాగింది. నేను బట్టల కొట్టువాడి మీదికి దెబ్బలాటకెళ్ళానా?"

"బంకు పాత్రకి ముద్ర ఉంది. ముద్ర వేయించింది నేనే," అన్నాడు ఆయన. ఆవిడ చెప్పింది పాత్ర గురించి కాదన్న సంగతి ఆయన చెవికెక్కలేదు. ఆవిడా మరి పొడిగించలేదు. ఆయనతో వాదించడం కంటే నాలుగు కాజాలు కుట్టుకోవడం లాభమని ఆవిడకి ఎప్పుడో తెలిసిపోయింది.

గురువారం బ్యాంకు పని మీద వెళ్తూ బంకు ముందు వేగం తగ్గించాడు. పంపు దగ్గర ఎవరో కొత్తవాడు, సెల్‌ఫోన్ చూసుకుంటూ పెట్రోలు పడుతున్నాడు. సున్నా ఓ మూలన గాలి మిషను పక్కన గొట్టం చుట్టుకుంటూ కనపడింది. మేనేజరు ఆయన బండిని గుర్తుపట్టి పరిగెత్తుకొచ్చాడు.

"మీరు రాసిన రోజే పంపు దగ్గర్నుంచి తీసేశాం సార్. ఓనరుగారితో కూడా చెప్పేశాను. శనివారం ఇన్‌స్పెక్టరుగారు వచ్చి వెళ్ళాక ఆవిణ్ణి మొత్తానికే పంపించేస్తాం. ఊళ్ళో మిగతా బంకుల వాళ్ళకీ కబురు పెట్టాం. ఇక ఎక్కడా నాజిల్ ముట్టుకోలేదు." ఏదో బహుమతి ఇస్తున్నట్టు చెప్పాడు.

"విచారించమన్నాను గానీ..." అన్నాడు కొలతలాయన.

"మీరు రాశాక విచారణేముంది సార్!"

మాట బాగానే ఉంది. వినడానికి గొప్పగానే ఉంది. అయినా ఎందుకో రుచించలేదు. మూల నుంచి సున్నా ఆయన వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఆయనకి నిశ్చింతగా ఉండేది, దొంగలు కోపంగానే చూస్తారు. ఆమె చూసింది ఆయన వైపు కూడా కాదు. బండి చక్రాల వైపు చూసి, కనుబొమ్మలు ముడిచి, మళ్ళీ గొట్టం చుట్టుకోవడంలో పడింది. బెదిరించడానికి టైరు కోసేస్తుందేమోనని కూడా అనిపించింది ఆయనకి. వెంటనే బండి కదిలించాడు.

శుక్రవారం భార్యని వాళ్ళ చెల్లెలింటికి తీసుకెళ్ళాలి. పీట వేసి ఎక్కించి, పీట వెనక సీట్లో పడేసి బయల్దేరాడు. ఊరు దాటాక రోడ్డు తిన్నగా పోతుంది. ప్రయాణంలో ఊరికే కూర్చోవడం ఆవిడకి చేతకాదు, కుట్లు లెక్కపెట్టే అలవాటు మరి. కిటికీలోంచి కిలోమీటరు రాళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

"ఏమండీ, ఊరి చివర రాయి దగ్గర మీ అంకె ఎంతుంది?"

"ఎందుకు?"

"చెప్పండి, పోనీ."

చెప్పాడు. పాత అలవాటు, అంకె అడిగితే చెప్పకుండా ఉండలేడు. ఆవిడ ఆయన నోటుబుక్కులోనే రాసింది. కాస్సేపటికి మళ్ళీ అడిగింది. ఆ తర్వాత మళ్ళీ.

"ఎనిమిది రాళ్ళు దాటితే మీ బండి ఏడు కిలోమీటర్లే వచ్చామంటోందండీ."

"రాయి ఒకటి ఎక్కువ లెక్కపెట్టి ఉంటావు."

"పదహారు రాళ్ళకి పద్నాలుగు."

కొలతలాయన దాటిపోతున్న రాయి వైపు తిరిగి చూశాడు. తర్వాత ఆయన ముఖం వెలిగింది. "రాళ్ళు దగ్గర దగ్గరగా పాతేశారు! ఎక్కువ రోడ్డు వేశామని చూపించడానికి. రోడ్డు కాంట్రాక్టరు తినేశాడు, చూశావా?"

ఆవిడ మెడలో టేపు తీసి వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "అవునండీ," అంది చివరికి. "డాక్టరు అబద్ధం, మెకానిక్కు అబద్ధం, బంకు అబద్ధం, ఇప్పుడు రాళ్ళు కూడా అబద్ధం. ప్రపంచం మొత్తమ్మీద నిజం చెప్పేది మీ బండిలో ఆ అంకె ఒక్కటే."

చెల్లెలిల్లు నలభయ్యో రాయి దగ్గర. బండి ముప్పై అయిదంది. ఆ రోజంతా మరదలింట్లో ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆయన గది ఎదురుగా టాక్సీ మీటర్లు పరీక్షించేవాళ్ళ గది ఉండేది. దూరాలు కొలవడం వాళ్ళ పని. ఊరంతా షికారు కొట్టొచ్చి జీతం తీసుకుంటారని ఆయన వాళ్ళని చిన్నచూపు చూసేవాడు. లీటరు ఆయనది, కిలో ఆయనది. కిలోమీటరు జోలికి ఎప్పుడూ పోలేదు. వాళ్ళ గదిలో ఏం చేసేవారో ఒక్కసారైనా లోపలికెళ్ళి చూసి ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. అనిపించినందుకు తన మీద తనకే చిరాకేసింది.

శనివారం పొద్దున లేచేసరికి ముందు చక్రంలో గాలి తగ్గి ఉంది. ఎలాగూ పదకొండింటికి బంకుకి వెళ్ళాలి. పదింటికే వెళ్ళి, ఇష్టం లేకపోయినా, గాలి మూలకి పోనిచ్చాడు. సున్నా వచ్చింది. నమస్కారం లేదు, సణుగుడు లేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుంది గానీ గొట్టం తగిలించలేదు.

"ఎంత కొట్టమంటారు సార్?"

"తలుపు మీద రాసుంది కదా, అంత."

"ఆ అంకె ఈ టైరుది కాదు సార్. ఈ టైరే ఈ బండిది కాదు."

కొలతలాయన కిందికి దిగాడు. ఇదో కొత్త ఎత్తు అనుకున్నాడు. "కొత్త టైర్లు. డాక్టరు నాకు అప్పజెప్పే ముందు నాలుగూ మార్పించి ఇచ్చాడు. గాడి లోతు నేనే కొలిచి చూసుకున్నా."

"కొత్తవే సార్, కాదనలేదు. పెద్దవి. గురువారం రోడ్డు మీద చూసినప్పుడే అనుకున్నా, బండి పొట్టిది, కాళ్ళు పొడుగు అని. వాషింగులో రెండేళ్ళు టైర్లే కదా కడిగింది. డిక్కీ తీయండి, స్టెప్నీ చూద్దాం. దాన్ని ఎవరూ మార్చరు."

డిక్కీ తీశాడు. ఆమె అడుగుపలక ఎత్తి, మర విప్పి, స్టెప్నీని రెండు చేతులతో బయటికి లాగి, దొర్లించుకుంటూ తెచ్చి ముందు చక్రం పక్కన నిలబెట్టింది. అన్న పక్కన తమ్ముడిలా నిలబడింది అది. నాలుగు వేళ్ళు తక్కువ.

చక్రం నాలుగు వేళ్ళు పెద్దదైతే బండి లేచేది అందులో సగం. రెండు వేళ్ళు. భార్య చెప్పిన రెండు వేళ్ళు.

కొలతలాయన ముందు తలుపు తీశాడు. ముందు సీటు మీద భార్య మర్చిపోయిన టేపు ఉంది. దాన్ని తీసుకుని నేల మీద కూలబడి, దర్జీ నడుము కొలిచినట్టు స్టెప్నీ చుట్టూ తిప్పాడు. ఒక టేపు చాల్లేదు, గోటితో గుర్తు పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు. నూట తొంభై మూడు. బండికున్న చక్రం చుట్టూ తిప్పాలంటే దాన్ని జాకీ మీద లేపాలి, ఆమే లేపింది. రెండువందల ఇరవై. లెక్క కట్టడానికి నోటుబుక్కు అక్కర్లేకపోయింది. ఏడుకి ఎనిమిది.

చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి బండి దూరం చెప్తుంది. పాత చక్రమే ఉందనుకుంటుంది పాపం. ఎనిమిది కిలోమీటర్లు పరిగెత్తి ఏడే పరిగెత్తానంటుంది. రెండువందల ఎనభై కాదు, మూడువందల ఇరవై. ఇరవై లీటర్లకి మూడువందల ఇరవై అంటే పదహారు. డాక్టరు నిజమే చెప్పాడు. మెకానిక్కు నిజమే చెప్పాడు. పంపు పోయాల్సినంతా పోసింది. రాళ్ళు సరిగ్గానే పాతారు. దొంగ కొలత ఊరంతటికీ ఒక్కటే ఉంది, దాన్ని నలభై రోజులుగా తనే తోలుకుంటూ తిరుగుతున్నాడు.

సున్నా చక్రం దించి, చేతులు గుడ్డకి తుడుచుకుని, ఎడమ జేబులో చెయ్యి పెట్టింది. కొలతలాయన కన్ను అక్కడే ఆగింది. ఆమె చిన్న గుండ్రటి రేకు డబ్బా తీసింది. మూత తిప్పి, వేలితో మైనం లాంటిది తీసుకుని రెండు అరచేతులకీ రాసుకుంది. అప్పుడు చూశాడాయన ఆ చేతుల్ని. వేళ్ళ కణుపుల దగ్గర చర్మం ఎర్రగా చీలిపోయి ఉంది.

"అదేమిటమ్మా?"

"మందు సార్. పెట్రోలు పడి పడి పగుళ్ళు. నాజిల్ పట్టే ముందు కాస్త రాసుకోకపోతే మంటెత్తుతుంది."

"పంపు దగ్గర... ప్రతిసారీ జేబులో చెయ్యి పెట్టేది..."

"దీనికే." మూత బిగించింది. ఆయన ముఖంలోకి చూడకుండా డబ్బా ఇచ్చింది, కావాలంటే చూసుకోమన్నట్టు. "అడిగుంటే ఆ రోజే చూపించేదాన్ని సార్."

ఆయన డబ్బా తీసుకోలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఏదో అనాలని నోరు తెరిచాడు గానీ, ఆమె అప్పటికే స్టెప్నీ దొర్లించుకుంటూ వెళ్తోంది. నీకు ఇంత అన్యాయం చేసినవాడికి ఈ సాయం ఎందుకు చేశావమ్మా అని అడగాలనిపించింది. అడిగేశాడు కూడా.

"సాయమేముంది సార్? గాలి కొట్టించుకోడానికొచ్చారు. టైరేదో తెలీకుండా గాలెలా కొడతాను?"

పదకొండింటికి ఇన్‌స్పెక్టరు తన పెట్టె పట్టుకుని దిగాడు. మేనేజరు గదిలో కుర్చీలు వేసి ఉన్నాయి, ఫిర్యాదుల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. కొలతలాయన కూర్చోలేదు.

"నేను రాసింది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు.

మేనేజరు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత మెల్లగా నవ్వి, "అర్థమైంది సార్," అన్నాడు. ఆ నవ్వు ఆయనకి అర్థం కాలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. ఆ కుర్రాడు కళ్ళు కాస్త చిన్నవి చేసి, తల ఓ పక్కకి వంచి, ఆయన్ని పరీక్షగా చూస్తున్నాడు. ఆ చూపు కొలతలాయనకి బాగా తెలుసు. దాన్ని వాడికి నేర్పింది ఆయనే.

"సార్, మీరు చెప్పిందే," అన్నాడు ఇన్‌స్పెక్టరు చాలా మర్యాదగా. "పంపు తప్పు చేసినవాడి కంటే, రాసిన ఫిర్యాదు వెనక్కి తీసుకునేవాడిని ఎక్కువ అనుమానించమన్నారు. రాసిన రోజుకీ వెనక్కి తీసుకున్న రోజుకీ మధ్య వాళ్ళింటికి ఎవరు వెళ్ళారో కనుక్కోమన్నారు."

తల కొట్టేసినట్టయింది. ఎంత ముట్టిందో అని ఆలోచిస్తున్నారు వీళ్ళు! ముప్పై ఏళ్ళలో ఒక్క సంచీ కూరలు కూడా ఊరికే పుచ్చుకోని మనిషిని! "నా గురించి నీకు తెలీదట్రా?" అని అరవబోయి ఆగిపోయాడు. సరిగ్గా ఇదే మాట, ఆవిడ అలాంటిది కాదండీ అని, ఇదే గదిలో మేనేజరు అన్నాడు. అలాంటి మనిషని ఎవరి ముఖాన రాసుందని తనే అడిగాడు.

ఇప్పుడు ఊరుకుంటే తన పేరు మిగులుతుంది. ఇన్‌స్పెక్టరు పంపు పరీక్షిస్తాడు, సరిగ్గానే ఉందంటాడు, కేసు మూసేస్తాడు. కొలతలాయన మంచివాడుగానే ఉంటాడు. ఆమెని మాత్రం సాయంత్రానికి పంపించేస్తారు, ఊళ్ళో ఏ బంకూ గేటు దాటనివ్వదు.

"అనుమానించు నాయనా," అన్నాడు గొంతు సవరించుకుని. "అనుమానించమనే నేర్పాను, తప్పులేదు. నేను నేర్పనిది ఒకటుంది, అడగమని. పద, బండెక్కు. అమ్మా, నువ్వు కూడా రా. నీ విషయమే, నువ్వు లేకుండా ఎలా?"

సున్నా వెనక సీట్లో పీటని పక్కకి జరిపి కూర్చుంది. ఊరి చివర రాయి దగ్గర బండి ఆపి, ఇన్‌స్పెక్టరు చేత అంకె రాయించాడు. అక్కణ్ణించి సున్నా ఒక్కో రాయినీ తన పంపు గొంతుతో లెక్కపెట్టింది. ఎనిమిదో రాయి దగ్గర ఆపాడు. ఏడు.

ఇన్‌స్పెక్టరు అంకె వైపూ రాయి వైపూ మార్చి మార్చి చూశాడు. "సార్, రాళ్ళు దగ్గరగా పాతేశారేమో..."

కొలతలాయనకి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. అచ్చు తన నోట్లోంచి ఊడిపడినట్టుంది మాట. బండి దిగి, డిక్కీ తీసి, స్టెప్నీ తనే కష్టపడి బయటికి లాగి చక్రం పక్కన నిలబెట్టాడు. పొద్దున తన మెడలో వేసుకున్న భార్య టేపు తీసి శిష్యుడి చేతికిచ్చాడు. "నువ్వే కొలువు. నా మాట నమ్మకు."

బంకుకి తిరిగొచ్చాక ఫిర్యాదుల పుస్తకంలో తను రాసిన దాని కిందే రాశాడు, ఎన్నో త్రాసుల మీద రాసిన పద్ధతిలోనే: కొలత పరీక్షించబడినది, లోపమున్నదని తేలినది, లోపం ఫిర్యాదుదారుని బండియందు, పంపునందు గాని, నాజిల్ పట్టిన మనిషియందు గాని లోపము లేదు, జేబులోనిది చేతుల పగుళ్ళ మందు. సంతకం చేసి, మేనేజరు చేత ఓనరుకి ఫోన్ చేయించి, ఈ నాలుగు ముక్కలూ తనే చదివి వినిపించాడు. మిగతా బంకులకి పంపిన కబురు కూడా వెనక్కి తిప్పమని, తిప్పేదాకా కుర్చీలోంచి లేవనని కూర్చున్నాడు.

బయటికొస్తుంటే వాషింగు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు గుసగుసలాడుకోవడం వినపడింది. "బాగానే ముట్టినట్టుందిరా ముసలాయనకి." వెనక్కి తిరిగి చెప్పొచ్చు. టైరు చూపించొచ్చు, టేపు చూపించొచ్చు. ఎంతమందికని చూపిస్తాడు? తల దించుకుని బండెక్కాడు.

ఇంటికెళ్ళి భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ నేను చెప్పలేదా అని ఒక్క మాట అనలేదు. టేపు తీసుకుని మెడలో వేసుకుని, "ఆ అమ్మాయి చేతులకి లోపల మెత్తటి గుడ్డ వేసి తొడుగులు కుట్టి ఇస్తే పనికొస్తాయా?" అంది.

"కొలతలు కావాలిగా," అన్నాడు ఆయన.

"అడిగి తెండి మరి. ఊహించి చెప్పకండి."

సోమవారం ట్యాంకు నింపించాల్సిన అవసరం లేకపోయినా బంకుకి వెళ్ళాడు. టైర్లు పాత సైజువి వేయించాడు, పీట ఇంట్లోనే వదిలేశాడు. పంపు దగ్గర సున్నా ఉంది. వెనక నాలుగు బళ్ళు వరసలో ఉన్నాయి. ఆయన కిందికి దిగలేదు. నోటుబుక్కు తీయలేదు. ఆ పూట తను ఇవ్వగలిగింది ఇదొక్కటే అనుకున్నాడు.

"సున్నా చూసుకోండి సార్!"

"అక్కర్లేదమ్మా," అన్నాడు కిటికీలోంచి, వీలైనంత మెత్తగా. "నువ్వు పట్టు. నాకు నమ్మకమే."

ఆమె చెయ్యి నాజిల్ మీదే ఉంది, మీట నొక్కలేదు.

"నమ్మకం వద్దు సార్," అంది. "మళ్ళీ ఎప్పుడైనా పోతుంది అది. దిగి చూడండి."

వెనకాల ఎవరో హారను కొట్టారు. కొలతలాయన తలుపు తీసుకుని దిగాడు. పంపు ముందు నిలబడి, కళ్ళజోడు సర్దుకుని, అంకెల వైపు చూశాడు.

"చూశాను."

"గట్టిగా చెప్పండి సార్. వాళ్ళందరికీ వినపడాలి."

ఆయన వెనక్కి తిరిగాడు. వరసలో బళ్ళు, మేనేజరు గది గుమ్మం, వాషింగు దగ్గర చేతులు ఆపి చూస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు.

"చూశానమ్మా," అన్నాడు గొంతెత్తి. "సున్నాయే ఉంది."

అప్పుడు ఎడమ జేబులోంచి డబ్బా తీసి, చేతులకి మందు రాసుకుని, ఆమె మీట నొక్కింది.